శ్వాస ట్యూబ్ తీసే ముందు జాగ్రత్తలు

గుంటూరు ఐసీయూల్లో కొత్తగా డ్యూటీకి వచ్చే డాక్టర్లు, నర్సుల కోసం.

• వెంటిలేటర్ సాయం బాగా తగ్గించి, 30 నిమిషాల నుంచి 2 గంటల దాకా రోగి సొంత ఊపిరి గమనించండి. ఆయాసం, చెమటలు కనిపిస్తే ఈ పరీక్ష ఆపేసి, వెంటిలేటర్ సాయం మళ్లీ పెంచండి.

• పురుగుమందు తాగిన కేసుల్లో తొందర అసలు వద్దు. మిర్చి, పత్తి పండే మన జిల్లాలో ఇవి తరచూ వస్తాయి. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందైతే రోగి తేరుకున్నట్టే కనిపిస్తాడు. కానీ తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, ఊపిరి కండరాలు బలహీనపడొచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తి ఉంచమనండి. ఎత్తలేకపోతే, ఇంటివాళ్లు ఎంత అడిగినా ట్యూబ్ తీయకండి. వాళ్ల టెన్షన్ న్యాయమే, కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పండి.

• దగ్గు బలంగా ఉందా? కఫం ఎక్కువా? ట్యూబ్ తీసే ముందు చూసుకోండి.

• ఫీడ్ ఆపి పొట్ట ఖాళీ చేయండి. నోరు, గొంతు సక్షన్ చేశాకే కఫ్‌లో (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగలో) గాలి తీయాలి. అప్పుడు ట్యూబ్ పక్కనుంచి గాలి లీక్ వినిపించకపోతే గొంతు వాచి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఇచ్చి కనీసం 4 గంటలు ఆగడం మంచిది.

• లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం), ఒక సైజు చిన్న ట్యూబ్, అంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి అందించే సంచి), ఆక్సిజన్ మంచం పక్కనే ఉండాలి. మళ్లీ ట్యూబ్ వేయగల సీనియర్ దగ్గరున్నప్పుడే తీయండి.

• తీశాక ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమంటే సీనియర్‌ను పిలిచి, అడ్రినలిన్ నెబ్యులైజేషన్ మొదలుపెట్టండి.