రాత్రివేళ ఒంటరిగా కారు నడపవలసి వస్తే

కారులో పక్కన ఒక మనిషి ఉంటే మనం గమనించకుండానే ఎన్నో పనులు జరిగిపోతాయి. ఫోను వారు ఎత్తుతారు, మలుపు వారు చూస్తారు, మన కళ్లు మూతలు పడుతుంటే మాట కలుపుతారు, బంకు దగ్గర మనం దిగితే బండిని కనిపెట్టుకుని ఉంటారు. ఒంటరిగా బయలుదేరేవారు ఆ పనుల్లో ఏది ఎలా జరగాలో ఇంటి దగ్గరే తేల్చుకుని కదలాలి. హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద, సుమారు 270 కిలోమీటర్ల దూరం, ఒంటరిగా అనేకసార్లు ప్రయాణించిన అనుభవంతో ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

మొదట టైర్లు. బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి, ఎందుకంటే పరిగెత్తి వేడెక్కిన టైరులో గాలి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎంత కొట్టించాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. నాలుగు టైర్లతో సరిపెట్టుకోకుండా డిక్కీలోని స్టెప్నీకి కూడా గాలి పట్టించండి. ఒకసారి నార్కెట్‌పల్లి దాటాక వెనక టైరు పంక్చరై స్టెప్నీ బయటకు తీస్తే, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉంది. పైగా అంతకు నెల ముందు టైర్ల షాపులో గాలి తుపాకీతో బిగించిన చక్రం నట్లు నా చేతి బలానికి కదలలేదు. అందుకే ఇప్పుడు ఏ షాపులో చక్రం విప్పించినా, బిగింపు అయ్యాక నా కారులోని స్పానరుతో నేనే ఒక నట్టు వదులు చేసి, మళ్లీ గట్టిగా బిగించి చూసుకుంటాను. జాకీ ఎత్తక ముందే, చక్రం నేలమీద ఉండగానే నట్లను కొంచెం వదులు చేసుకోవాలన్నది ఇంటి ముందు పగటిపూట ఒక్కసారి చేసి చూస్తే ఎప్పటికీ గుర్తుంటుంది.

ఇంట్లో ఒకరికి మీరు బయలుదేరే వేళ, వెళ్లే దారి, ఎప్పటికి చేరాలో చెప్పండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను ఎనిమిది గంటలకు పెట్టి పంపితే మళ్లీ మళ్లీ ఫోను ముట్టవలసిన పని ఉండదు. ఫాస్టాగ్‌కు ఇంట్లోవారి నంబరు నమోదై ఉంటే, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటినప్పుడల్లా డబ్బు కోసుకున్నట్టు వారికే మెసేజ్ వెళ్తుంది. సిగ్నల్ లేక లొకేషన్ ఆగిపోయినా మీరు ఎక్కడివరకు వచ్చారో దానితో తెలుస్తుంది. ఛార్జర్ తీగతో పాటు పవర్ బ్యాంకు కూడా ఉంచుకోండి. ముఖ్యమైన నంబర్లను కాగితం మీద రాసి సన్‌వైజర్‌కు పెట్టుకోవడం పాతకాలపు పద్ధతిలా అనిపించవచ్చు కానీ, ఫోను ఆగిపోయిన రోజున ఆదుకునేది అదే. అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033, గాయాలైతే 108. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో మొదలుపెట్టిన టి-సేఫ్ సేవలో ప్రయాణం ముగిసేదాకా మన దారిని కనిపెట్టి ఉండే ఏర్పాటు ఉంది. దాన్ని బయలుదేరే ముందే తెరిచి ఎలా పనిచేస్తుందో చూసుకోండి.

ఎక్కడ ఆగాలో ఆకలి వేసినప్పుడు కాక ముందే నిర్ణయించుకోవాలి. దీపాలు బాగా వెలుగుతూ, కుటుంబాలు దిగుతూ, బస్సులు ఆగే హోటళ్లకు ఈ దారిలో కొదవలేదు కాబట్టి, చీకటిలో ఒక్క లారీ మాత్రమే నిలిచి ఉన్న ధాబా దగ్గర ఆగవలసిన అవసరం రాకూడదు. ఇంధనం పావు ట్యాంకు కంటే కిందికి దిగనివ్వకండి. బండిని బయటికి వెళ్లే వైపుకు తిప్పి నిలపండి. తిరిగి వచ్చాక ఎక్కి, తలుపులు లాక్ చేసి, వెంటనే కదలండి. ఇంజన్ ఆపి సీట్లో కూర్చుని ఫోను చూసుకోవడం మంచిది కాదు.

అపరిచితుల గురించి భయపడినంతగా మనం నిద్ర గురించి భయపడం, నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కునుకు పడితే బండి 66 మీటర్లు ఎవరూ నడపకుండానే వెళ్లిపోతుంది, ఆ 66 మీటర్లలో వెనక లైటు లేని ట్రాక్టరు ఉండవచ్చు. ఇప్పుడే దాటిన ఊరి బోర్డు మీద ఏమి రాసి ఉందో గుర్తు రాకపోవడం, చక్రం తెల్లగీత మీదికి ఎక్కి గరగరమన్నాక ఉలిక్కిపడడం నిద్ర వచ్చేస్తోందనడానికి గుర్తులు. అద్దం దించడం, పాటలు పెంచడం దాన్ని ఆపలేవు. వెలుతురున్న బంకులో ఆగి, ఒక కాఫీ తాగి, తలుపులు లాక్ చేసుకుని, అలారం పెట్టి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే, కాఫీ పనిచేయడం మొదలయ్యే వేళకు మెలకువ వస్తుంది. అర్ధరాత్రి రెండు నుంచి తెల్లవారు ఐదు దాకా శరీరం సహజంగానే నిద్ర కోరుతుంది కాబట్టి, వీలుంటే ఆ వేళను విడిచి తెల్లవారాకే బయలుదేరండి.

రాత్రి టైరు దెబ్బతిన్నా వెంటనే ఆగకండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మెరిసే హజార్డ్ లైట్లు వేసుకుని, ఎడమ అంచున నెమ్మదిగా, వెలుతురున్న బంకు లేదా టోల్‌గేటు వరకు వెళ్లండి. రిమ్ము పాడైతే పాడవనివ్వండి, రిమ్మును మళ్లీ కొనుక్కోవచ్చు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి స్కూటరు టైరులో కావాలనే గాలి తీసి, సాయం చేస్తామంటూ దగ్గరికి వచ్చినవారే ఆమెను హతమార్చారని పోలీసులు చెప్పారు. తప్పు ఆమెది కాదు. ఆమె అనుభవించినది తెలిసిన తర్వాత, మనం అడగకముందే వచ్చే సాయాన్ని అద్దం వేలెడంత మాత్రమే దించి మాట్లాడి, "పెట్రోలింగ్ వాహనం వస్తోందండీ, అవసరం లేదు" అని పంపించడం మర్యాద తప్పడం కాదు.

బండి అసలే కదలకపోతే ఏం చేయాలన్నది అది ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రోడ్డు పూర్తిగా వదిలి సర్వీసు రోడ్డులోనో బంకులోనో నిలిస్తే తలుపులు లాక్ చేసుకుని లోపలే కూర్చుని 1033కు చేయండి. కానీ సగం బండి లారీలు పరిగెత్తే వరుసలో ఉండిపోతే లోపల కూర్చోవడమే ప్రమాదం. అప్పుడు ఎడమ తలుపు వైపు నుంచి దిగి, ఎర్ర త్రికోణాన్ని యాభై మీటర్లు వెనకగా పెట్టి, రోడ్డు అంచున ఉండే ఇనుప కడ్డీకి అవతల నిలబడి ఫోను చేయండి. కిలోమీటరు రాయి మీది అంకె చెబితే వారు త్వరగా చేరుకుంటారు.

ఎవరైనా వెంటపడుతున్నట్టు అనుమానం వస్తే, ఇంటికి మాత్రం వెళ్లకండి. వేగం పెంచి పోటీపడకుండా, 112కు స్పీకరులో చేసి, ఏ ఊరు దాటారో చెబుతూ, జనం ఉన్న చోటికి లేదా దారిలో తగిలే పోలీస్ స్టేషనుకు వెళ్లండి. వెనక నుంచి ఎవరైనా చిన్నగా తాకించి ఆపమని సైగ చేసినా ఆ చీకటిలో దిగకుండా దీపాల కిందికి వెళ్లాక మాట్లాడండి. ఎవరికైనా గాయమైతే మాత్రం ఆగి 108కి చేయవలసిందే.

హైవే దిగి ఊళ్ల దారి పట్టాక ప్రమాదాల తీరు మారిపోతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్ల పట్టా కప్పుతారు. రాత్రి ఆ నలుపు తారులో కలిసిపోయి, చక్రం ఎక్కేదాకా కనిపించదు. ఎదురు లైట్లు కళ్లలో కొడితే వాటిని చూడకుండా ఎడమ అంచున తెల్లగీతను చూస్తూ వేగం తగ్గించండి. వానాకాలంలో ఫోను చూపించే దగ్గరిదారులు నమ్మవద్దు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర ఈ జాతీయ రహదారే మునిగి రాకపోకలు ఆగిపోయాయి. లోలెవల్ వంతెన మీద మోకాలు లోతు పారే నీరు కూడా కారును పక్కకు నెట్టేయగలదు; నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో చీకట్లో తెలియదు. వెనక్కి తిరిగి దగ్గరి ఊళ్లో తెల్లవారేదాకా ఆగండి, ఆగుతున్నట్టు ఇంటికి చెప్పండి.

చేరిన తర్వాత చేయవలసిన పని ఒకటుంది. బండి దిగకముందే "చేరాను" అని ఇంటికి ఫోను చేయండి. మీ కోసం ఎదురుచూసేవారికి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి: అనుకున్న వేళకు గంట దాటినా ఫోను రాకపోతే మొదట మీకు చేయాలి, మీరు ఎత్తకపోతే లైవ్ లొకేషన్ చివరగా చూపిన చోటు, బండి నంబరు, రంగు చెబుతూ 112కు చేయాలి. ఆ నంబరూ రంగూ వారి ఫోనులో ఈ రోజే రాసి పెట్టండి.