అరికాలిలో ఉన్నది ఆనెకాయా, పులిపిరా?
మడమ దగ్గర చర్మం గట్టిపడి, అడుగు వేస్తే కలుక్కుమనేది. అదేమిటో తేలకుండా మందు పూయదలచుకోలేదు. స్నానం చేశాక మంచి వెలుతురులో చూశాను. చర్మపు గీతలు దాని అంచు దాకా వచ్చి పక్కకు తప్పుకున్నాయి. మధ్యలో గసగసాలంత నల్లచుక్కలు. అవి రక్తం గడ్డకట్టిన సన్నని నాళాలు. పైనుంచి నొక్కినప్పటికన్నా పక్కల నుంచి గిల్లితేనే ఎక్కువ నొప్పి. వైరస్ వల్ల వచ్చే పులిపిరి లక్షణాలివి, డాక్టరూ అదే అన్నారు. ఆనెకాయ ఒరిపిడితో వస్తుంది, నేరుగా నొక్కితే నొప్పి. చెప్పులు మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

రోజూ గోరువెచ్చని నీటిలో కాలు నానబెట్టి, మెత్తబడిన పొరను రుద్ది, సాలిసిలిక్ ఆమ్లం పూశాను. వారాల తరబడి ఓపిక పట్టాక గీతలు మళ్లీ కలిశాయి. దయచేసి బ్లేడుతో కోయకండి. మధుమేహం ఉన్నవారు సొంత వైద్యం జోలికే వెళ్లవద్దు.