గేమ్‌లో మ్యూజిక్ వీడియో తీయడం ఎలా: ముందు పాట, తర్వాతే గేమ్

గేమ్ లోపల పాటకి వీడియో తీద్దాం అనుకున్నవాళ్లు ఎక్కువమంది ఏం చేస్తారంటే, గేమ్ ఓపెన్ చేసి కంటికి బాగున్న ప్రతి సీనరీ రికార్డ్ కొట్టేసి, హార్డ్ డిస్క్ నిండా క్లిప్పులు పోగేసి, తర్వాత ఎడిటింగ్‌కి కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో తెలీక తల పట్టుకుంటారు. దీన్ని తిరగేసి చేయండి. పాట వీడియో ఎడిటర్‌లో (క్లిప్పులు కత్తిరించి అతికించే సాఫ్ట్‌వేర్) పడేవరకు గేమ్ జోలికే వెళ్లొద్దు.

ఎడిటర్ అంటే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, మీ సిస్టమ్ దాన్ని మోయలేకపోతే కేడెన్‌లైవ్ ఉంది. పాట టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) మీద వేసి వింటూ బీట్ పడినచోటల్లా మార్కర్ కొట్టుకుంటూ పోండి. తర్వాత చిన్న లెక్క. పాట 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు అనుకుందాం, అప్పుడు బీట్‌కి అర సెకను, నాలుగు బీట్ల బార్‌కి 2 సెకన్లు, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) టైమ్‌లైన్‌లో బీట్‌కి 15 ఫ్రేములు. 3 నిమిషాల పాటకి 90 బార్లు, రెండు బార్లకో కట్ పెట్టినా 45 షాట్లు కావాలి. ఈ నంబర్ చూడగానే నీరసం వస్తే తప్పేం లేదు, ఫస్ట్ వీడియోకి ఒక పల్లవి ఒక చరణం తీసుకోండి, నిమిషంన్నర లోపు అయిపోతుంది. ఇప్పుడు మార్కర్ల మధ్య ఖాళీల్లో టెక్స్ట్ క్లిప్పులు పెట్టి "మెట్లు దిగుతాడు", "క్లోజప్, వెనక్కి తిరుగుతుంది", "దూరం నుంచి బ్రిడ్జి" అని రాసుకోండి. ఇదే మీ షూటింగ్ లిస్ట్, ఇందులో లేనిది తీయక్కర్లేదు.

గేమ్ ఏదైనా పర్లేదు గానీ రీప్లే సదుపాయం (ఆడినదాన్ని మళ్లీ వేసి చూసే వీలు) ఉన్నది దొరికితే పని సగానికి సగం తగ్గుతుంది. 1996లో క్వేక్ అనే గేమ్ ఆడేవాళ్లు అందులోనే కథలు తీసింది కూడా దీంతోనే, ఆట రికార్డ్ అయ్యే డెమో ఫైల్‌లో బొమ్మ ఉండదు, ఎవరు ఎటు కదిలారు అన్నదే ఉంటుంది, కాబట్టి తర్వాత దాన్నే వేరే కోణంలోంచి చూపించొచ్చు. ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి ఉన్న రీప్లే మాడ్ (గేమ్‌కి విడిగా జోడించుకునే ప్రోగ్రామ్) చేసేదీ అదే. ముందు మామూలుగా నటించేసి, తర్వాత తీరిగ్గా కెమెరాకి కీఫ్రేములు (ఏ క్షణానికి కెమెరా ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టుకోవచ్చు, పైగా అది వీడియోని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ రెండర్ చేస్తుంది కాబట్టి సిస్టమ్ వీక్‌గా ఉన్నా అవుట్‌పుట్ మాత్రం స్మూత్‌గానే వస్తుంది, కాకపోతే టైమ్ పడుతుంది. జీటీఏ 5కి 2015లో పీసీ వెర్షన్‌తో పాటే వచ్చిన రాక్‌స్టార్ ఎడిటర్ ఉంది, అందులో డైరెక్టర్ మోడ్‌లో క్యారెక్టర్, టైమ్, వాతావరణం మీరే సెట్ చేసుకోవచ్చు, ఫ్రీ కెమెరా ఉంది గానీ క్యారెక్టర్‌ని వదిలి మరీ దూరం పోనివ్వదు. సిమ్స్ 4లో ట్యాబ్ కీ నొక్కితే మెనూలన్నీ పోయి కెమెరా మన చేతికొస్తుంది. ఇవేవీ లేని గేమ్ అయితే ఇంకో ఫ్రెండ్‌ని పిలవండి, ఒకరు నటించాలి, ఒకరు కెమెరా. కెమెరామన్ క్యారెక్టర్ నీడ ఫ్రేమ్‌లో పడుతుందేమో చూసుకోండి, అదొక్కటి చాలామంది వదిలేస్తారు.

అసలు తిప్పలు నటనతో. గేమ్ బొమ్మకి ఏడుపు రాదు, పెదవులు మన పాటకి కదలవు. 2003లో హేలో గేమ్‌తో మొదలైన రెడ్ వర్సెస్ బ్లూ సిరీస్‌లో అందరికీ హెల్మెట్లే, తల ఊపితే మాట్లాడుతున్నట్టే లెక్క, కాబట్టి పెదవుల గొడవే లేదు. మీరూ ఆ దారే పట్టండి. హెల్మెట్, మాస్క్, వీపు వైపు నుంచి షాట్, లేదా మొహం కనపడనంత దూరం. పాడుతున్నట్టు చూపించాలన్న పట్టుదల వదిలేసి నడక, ఆగడం, తిరగడం, పైకి చూడడం ఈ నాలుగే వాడండి. క్యారెక్టర్ నడుస్తూ నడుస్తూ సరిగ్గా డ్రమ్ పడేచోట ఆగితే చాలు, చూసేవాళ్లు మిగతా ఫీలింగ్ వాళ్లే నింపుకుంటారు.

డాన్స్ ఎమోట్ (బటన్ నొక్కితే క్యారెక్టర్ చేసే రెడీమేడ్ డాన్స్) వాడితే ఇలా చేయండి. ముందు ఎమోట్‌ని ఉత్తగా రికార్డ్ చేసి ఒక రౌండ్ ఎన్ని సెకన్లో కొలవండి. 2.2 సెకన్లు వచ్చిందనుకోండి, మన బార్ 2 సెకన్లు, అంటే క్లిప్ స్పీడ్ 110 శాతం పెడితే రౌండ్ సరిగ్గా బార్‌లో కూర్చుంటుంది. తర్వాత క్లిప్ మొదలుని బీట్ మీద పెట్టొద్దు, కాలు నేలకి తగిలే ఫ్రేమ్ వెతికి దాన్ని బీట్ మీదకి జరపండి. మన కళ్లు చూసేది ఆ కాలునే, రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది.

కెమెరా విషయానికొస్తే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరాకి ఎంత వెడల్పు కనపడుతుందన్నది) తగ్గించడం అన్నిటికన్నా చవకైన మ్యాజిక్. మైన్‌క్రాఫ్ట్‌లో ఆ స్లయిడర్ 30 నుంచి 110 దాకా ఉంటుంది, మామూలుగా 70. క్లోజప్‌కి 30, 40కి దించి మీరు వెనక్కి జరిగి తీయండి, బ్యాక్‌గ్రౌండ్ దగ్గరికొచ్చి ఎక్కడో దూరం నుంచి జూమ్ లెన్స్ పెట్టి తీసినట్టు ఉంటుంది. మౌస్‌తో పాన్ చేస్తే (కెమెరాని పక్కకి తిప్పితే) కుదుపులొస్తాయి, కంట్రోలర్ స్టిక్ వాడండి, గేమ్‌లో కెమెరా స్మూతింగ్ ఉంటే ఆన్ చేయండి. స్క్రీన్ మీద హెల్త్ బార్, మ్యాప్, చాట్ అన్నీ తీసేయండి. గేమ్‌లో టైమ్ ఆపే వీలుంటే ఆపేయండి, లేకపోతే ఒకే సీన్‌లో ఒక షాట్ మధ్యాహ్నం, ఇంకోటి సాయంత్రం అవుతుంది.

రికార్డింగ్‌కి ఓబీఎస్ (స్క్రీన్ రికార్డ్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్), 1080పి, 60 ఎఫ్‌పీఎస్. టైమ్‌లైన్ 30లో ఉంటే సగం స్పీడ్ స్లో మోషన్ కుదుపు లేకుండా వస్తుంది, అందుకే 60. ఫైల్ ఎంకేవీలో సేవ్ చేయండి, గేమ్ క్రాష్ అయి అన్నీ ఆగిపోయినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది, మామూలు ఎంపీ4 అయితే మొత్తం పోయే ప్రమాదం ఉంది. కొన్ని ఎడిటర్లు ఎంకేవీ తీసుకోకపోతే ఓబీఎస్‌లోనే రీమక్స్ ఆప్షన్‌తో ఎంపీ4కి మార్చుకోవచ్చు. గేమ్‌లో మ్యూజిక్ సున్నా చేసి వాన, అడుగుల శబ్దం మాత్రం ఉంచండి, పాట మొదలయ్యే ముందు రెండు సెకన్లు అవి వినిపిస్తే బలే ఉంటుంది.

ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, లిస్ట్ మీద తీశారు కాబట్టి టెక్స్ట్ క్లిప్ తీసేసి వీడియో పెట్టుకుంటూ పోవడమే. ఒకటే మాట, ప్రతి బీట్‌కీ కట్ పెట్టొద్దు, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. చరణంలో షాట్లు పొడుగ్గా వదిలి పల్లవి రాగానే స్పీడ్ పెంచండి.

ఇక పాట ఎవరిది అన్న సంగతి మొదట్లోనే తేల్చుకోండి. గేమ్ కంపెనీ వీడియోలు తీసుకోమని చెప్పినా అది గేమ్ బొమ్మల వరకే, పాట హక్కులు వేరేవాళ్లవి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే సిస్టమ్) పాటని పట్టేస్తే యాడ్ డబ్బులు వాళ్లకి పోవచ్చు, వీడియో బ్లాక్ కూడా అవ్వచ్చు. డిస్క్రిప్షన్‌లో క్రెడిట్ ఇచ్చాం కదా అంటే కుదరదు, మీరే పాడిన కవర్ అయినా ట్యూన్, సాహిత్యం హక్కులు అలాగే ఉంటాయి. తెలిసినవాళ్లలో సొంతంగా పాటలు చేసేవాళ్లుంటే అడగండి, ఫ్రీగా వీడియో వస్తుందంటే ఎవరూ కాదనరు, మాట మాత్రం మెసేజ్‌లో రాయించుకుని పెట్టుకోండి. లేదంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, క్రియేటివ్ కామన్స్ పాటలు (చేసినవాళ్లే కొన్ని షరతులతో వాడుకోమని వదిలినవి) ఉన్నాయి, వాటిలో కూడా షరతులు చదవండి, ఎడిట్ చేయొద్దు అని ఉన్న లైసెన్స్ పాటని వీడియోకి జోడించడం కుదరదు.

అప్‌లోడ్ చేసేముందు ఫోన్‌లో ఒకసారి సౌండ్ పెట్టి చూడండి, రాత్రి సీన్లు మానిటర్ మీద బాగానే ఉండి ఫోన్‌లో మొత్తం నల్లగా కనిపిస్తాయి.