రికవరీ బండి అదిరితే లోడు మీదే కొలవాలి

సాలూరు ఘాట్‌లో ఆగిపోయిన లారీ ముందు భాగాన్ని ఎత్తి రామభద్రపురం వైపు తెస్తుంటే రికవరీ బండి క్యాబిన్ నేల అదురుతుంది. లారీని దించి ఖాళీగా వెళ్తే అదే బండి నున్నగా నడుస్తుంది. ఇలాంటప్పుడు ముందు క్రాసులు (షాఫ్టు చివర్ల వంగే కీళ్లు) మార్చడం, తర్వాత షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగు, అప్పటికీ తగ్గకపోతే షాఫ్టును, అంటే గేర్ బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును, బ్యాలెన్సింగుకు పంపడం మామూలైపోయింది. డబ్బు పోతుంది గానీ అదురు పోదు. లోడు మీద పుట్టే తప్పు షెడ్డులో ఖాళీగా నిలబెట్టిన బండిలో దొరకదు.

మొదట అదురు ఇంజన్‌దా, షాఫ్టుదా, చక్రాలదా తేల్చండి. బండి నిలిపి, న్యూట్రల్‌లో మెల్లగా రేస్ పెంచండి. అదే అదురు వస్తే ఇంజన్ మౌంటింగులు, ఫ్యాను, క్లచ్ చూడాలి. రాకపోతే ఎచ్చెర్ల దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి లాంటి చదును రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో నడిపి, వేగం మారకుండా ఒక గేరు తగ్గించండి. గేరు మారినా 50 దగ్గరే అదిరితే తప్పు గేర్ బాక్సు వెనక ఉంది. అదురు వేగాన్ని వదిలి రేస్‌తో పాటు మారితే ఇంజన్ వైపు ఉన్నట్టు.

చక్రానికీ షాఫ్టుకీ తేడా లెక్కలో తెలుస్తుంది. 10.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. 60 వేగంలో సెకనుకు సుమారు 5.2 చుట్లు. హౌసింగ్ (వెనక ఇరుసు) రేషియో 6, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు 6 చుట్లు అనుకుంటే షాఫ్టు సెకనుకు 31 చుట్లు తిరుగుతుంది. సీటు మీద కూర్చుని లెక్కపెట్టగలిగే ఊపు చక్రానిది. అద్దం మసకబారేలా వచ్చే సన్నటి అదురు షాఫ్టుది. క్రాసు కోణం తప్పితే చుట్టుకు రెండుసార్లు అదురుతుంది కాబట్టి అది గుంయ్‌మని మోతలా వినిపిస్తుంది.

కిందికి దూరే ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఇంజన్ ఆపి తాళంచెవి తీసేయండి. వానాకాలంలో పొలంలోకి దిగిన లారీని లాగి వచ్చాక షాఫ్టు మీద, రిమ్ము లోపల బంకమట్టి ఎండి గట్టిపడుతుంది. దాన్ని కడిగితేనే సగం ఫిర్యాదులు పోతాయి. తర్వాత షాఫ్టు గొట్టానికి సొట్ట ఉందా, బ్యాలెన్స్ ముక్క ఊడిన గుర్తు ఉందా చూడండి. రెండు చివరల యోకులూ (క్రాసును పట్టే కొమ్ములు) ఒకే వరుసలో ఉండాలి. స్ప్లైను (షాఫ్టు ముక్కలు ఒకదానిలో ఒకటి జారే పళ్ల భాగం) ఒక పన్ను తప్పి ఎక్కించినా అదురు ఖాయం, అందుకే విప్పేముందు పెయింటుతో గీత పెట్టుకోవాలి. క్రాసులో ఆట (వదులు) 0.15 మిల్లీమీటర్లు దాటితే మార్చండి. సీలు దగ్గర ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. గ్రీజు కొడితే క్రాసు నాలుగు కొనల కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగోది కాలిపోతోందన్నమాట. డయల్ గేజితో షాఫ్టు వంకర చూస్తే మధ్యలో 0.4, చివర్లలో 0.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి.

ఇవన్నీ బాగున్నా లాగేటప్పుడే అదిరితే కోణాలు కొలవాలి. మ్యాగ్నెట్ ఉన్న డిజిటల్ యాంగిల్ మీటరు చాలు. గేర్ బాక్సు ఫ్లాంజి (షాఫ్టు బిగించే పళ్లెం), షాఫ్టు గొట్టం, పినియన్ (హౌసింగ్ ముందు గేరు) ఫ్లాంజి మీద వాలు రాసుకోండి. పక్కపక్క వాలుల తేడాయే క్రాసు కోణం. జాకీ వాడితే స్టాండ్లు హౌసింగ్ కింద పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే హౌసింగ్ వేలాడి కోణాలన్నీ తప్పుతాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఖాళీ బండిలో గేర్ బాక్సు 3 డిగ్రీలు, షాఫ్టు 6, పినియన్ 3. రెండు క్రాసుల కోణాలూ 3 చొప్పున సమానం, కాబట్టి ఒకదాని ఊపును మరొకటి తినేస్తుంది. ఇప్పుడు వెనక లారీని తగిలించి ఎత్తండి. వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కుంగుతాయి, ముందు తేలికవుతుంది, ఛాసిస్ వెనక్కి వాలుతుంది. గేర్ బాక్సు 4.5, షాఫ్టు 5.5 అయి, పినియన్ 3 దగ్గరే ఉండిపోతుంది. ముందు క్రాసు కోణం 1, వెనకది 2.5. తేడా 1 డిగ్రీ దాటితే అదురు మొదలవుతుంది, ఇక్కడ ఒకటిన్నర ఉంది. ఏ క్రాసూ అరడిగ్రీ కంటే తక్కువ కోణంలో తిరగకూడదు. క్రాసు బేరింగులోని సూదులు దొర్లకపోతే ఒకేచోట గుంటలు పడతాయి.

కొలత తప్పితే ముందు టార్క్ రాడ్ (ఇరుసును పట్టి ఉంచే కడ్డీ) బుష్షులు, కమాన్ యూ బోల్టులు, సెంటర్ బోల్టు, కుంగిన కమాన్ పట్టీలు చూసి సరిచేయండి. అప్పటికీ తేడా మిగిలితేనే కమాన్‌కీ హౌసింగ్‌కీ మధ్య టేపర్ ప్లేటు (ఒక వైపు సన్నటి, మరో వైపు మందపాటి పలక) పెట్టాలి. ఎక్కువ కాలం లోడుతోనే తిరిగే బండికి లోడు మీద కొలతే ప్రమాణం. తర్వాత ఖాళీగా ఒకసారి కొలిచి రెండిట్లోనూ తేడా 1 లోపు వచ్చేలా చూసుకోవాలి. రికవరీ బాడీ కోసం ఛాసిస్ పొడిగించిన బండి అయితే, లేత్ షాపులో వెల్డింగ్ చేసిన షాఫ్టును బ్యాలెన్స్ చేయించకుండా ఎక్కించకండి.

చెడిపోయిన లారీ చక్రాలే ఊగుతూ మన బండిని అదిరించవచ్చు. దాన్ని దించి నడిపితే ఆ సంగతి తేలుతుంది. దాని వెనక చక్రాలు నేల మీద తిరుగుతుంటే దాని ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి తీసేయాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గేర్ బాక్సులో నూనె సరిగా పైకెక్కదు, లోపల బేరింగులు కాలిపోతాయి.

పని అయ్యాక మొదటి లాగుడు పూర్తికాగానే ఫ్లాంజి బోల్టులు, యూ బోల్టులు మళ్లీ బిగించండి.