హైస్కూల్ బాగుపడాలంటే ముందు మన చేతిలో ఉన్న అధికారం వాడదాం

గుంటూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్‌కి నేను హెచ్.ఎం.గా వెళ్లిన మొదటి వారం స్టాఫ్ రూమ్‌లో విన్న మాట ఒకటే: "మన చేతుల్లో ఏముంది సార్, అంతా పైనుంచే." కొంత నిజమే. టీచర్‌ని మనం వేసుకోలేం, సిలబస్ మార్చలేం. కానీ ఏ పిల్ల ఏ పీరియడ్‌లో ఎవరి దగ్గర కూర్చోవాలి, గ్రాంటు దేనికి ఖర్చు పెట్టాలి, తల్లిదండ్రుల కమిటీ మీటింగ్ ఎన్నింటికి పెట్టాలి అన్నవి బడిలోనే తేలతాయి. బడులకు ఇంకా స్వేచ్ఛ కావాలి, గట్టిగా అడగాలి కూడా. ఉన్నది వాడి చూపించి అడిగితే ఎవరైనా వింటారు.

జూన్‌లో బడి తెరవగానే 6 నుంచి 9 దాకా ప్రతి పిల్లనీ విడిగా వరండాలోకి పిలిచి, 2వ తరగతి స్థాయి పేరా ఒకటి చదివించండి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు చేసేది దాదాపు ఇదే. మా దగ్గర 9వ తరగతి పిల్లాడు ఒకడు నోట్సు ముత్యాల్లా రాసేవాడు, పేరా చేతికిస్తే "వర్షం" అన్న మాట కింద వేలు పెట్టి షావత్తు దగ్గర ఆగిపోయాడు, పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావట్లేదు. అన్నేళ్లూ బోర్డు మీద అక్షరాలను బొమ్మల్లా దించుకున్నాడు పాపం, మేమెవరమూ కనిపెట్టలేదు.

ఆ లిస్టు చేతికొచ్చాక టైం టేబుల్ మార్చండి. మొదటి పీరియడ్ అన్ని తరగతులకూ చదువు పీరియడే, పిల్లలు తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చుంటారు, పీఈటీ సార్‌తో సహా అందరికీ ఒక గ్రూపు. "మరి సిలబస్ ఎప్పుడవుతుంది?" అని అడుగుతారు. చదవడం రాని పిల్లకి సిలబస్ ఎలాగూ అందట్లేదు కదా, అదే చెప్పండి. బాగా చెప్పే టీచర్‌ని అలవాటుగా పదో తరగతి 'ఎ' సెక్షన్‌కి వేస్తాం, ఈ పీరియడ్‌లో మాత్రం ఆ టీచర్‌కి అక్షరాలు రాని గ్రూపు ఇవ్వండి. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

ఇక మన ఊరి సంగతి. సంక్రాంతి దాటితే మిర్చి సీజన్ ఊపందుకుంటుంది, అమ్మలు తొడిమలు తీయడానికి తెల్లారకముందే వెళ్లిపోతారు, చిన్నవాళ్లని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. సరిగ్గా మార్చిలో పదో తరగతి పరీక్షలు! విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీటింగ్ పగలు 11 గంటలకు పెడితే వచ్చిన తల్లికి ఆ రోజు కూలి పోతుంది. మేం రాత్రి 7కి వాళ్ల కాలనీలోనే పెట్టాం. "చిన్నోణ్ణి కూడా తెచ్చుకోనిస్తే మా అమ్మాయిని పంపిస్తాను సార్" అని ఒకామె అన్న మాటనే ఆ రాత్రి తీర్మానంగా మినిట్స్ బుక్‌లో రాశాం.

డబ్బు తక్కువే. కేంద్ర పథకం సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 250కి పైన 1,000 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 దాకా గ్రాంటు, అందులో కనీసం 10 శాతం శుభ్రతకు. ప్రతి ఖర్చూ చార్టు మీద రాసి గేటు దగ్గర అంటించండి. 2019లో మొదలైన బడుల మరమ్మతుల పథకం మన బడి నాడు-నేడులో పనులు చేయించింది తల్లిదండ్రుల కమిటీలే, కాబట్టి వాళ్లకు లెక్కలు చూడటం రాదని ఎవరన్నా అంటే ఊరుకోవద్దు.

నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి అదే పేరా పరీక్ష మళ్లీ పెట్టండి. ఆ ఫలితాలూ, తీర్మానం కాపీ జతచేసి ఎం.ఈ.వో., డీఈవోలకు (మండల, జిల్లా విద్యాధికారులకు) రాయండి. "స్వయంప్రతిపత్తి ఇవ్వండి" అని రాస్తే ఫైలు కదలదు, "లెక్కల పోస్టు ఖాళీగా ఉంది, మార్చి దాకా స్థానికంగా ఒకరిని పెట్టుకోవడానికి కమిటీకి అనుమతి ఇవ్వండి" అని సూటిగా రాయండి.

బదిలీ ఎలాగూ వస్తుంది. ఆ పేరా పరీక్షల ఫలితాల రిజిస్టర్‌ని, బాధ్యతలు అప్పగించేటప్పుడు ఇచ్చే చార్జి లిస్టులో చేర్చి, వచ్చే హెచ్.ఎం. చేత సంతకం పెట్టించుకుని మరీ వెళ్లండి.