పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా? రాత్రిపూట ఈ పాదస్నానం చేసి చూడండి

ఒంట్లో, ముఖ్యంగా గర్భాశయంలో, చలువ చేరితే గర్భం నిలవదని చైనా సంప్రదాయ వైద్యం చెబుతుంది. అందుకే అక్కడ చాలామంది ఆడవాళ్లు ఐసు నీళ్లు మానేసి, పడుకునే ముందు అల్లం ముక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో పావుగంట పాదాలు పెట్టుకుంటారు. నీళ్లు చీలమండల పైదాకా ఉండాలి, చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు. షుగర్ వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం వద్దు, వేడి తెలియక కాలుతుంది. దీంతో గర్భం వస్తుందని నేను చెప్పను. కానీ నెలనెలా ఎదురుచూసే టెన్షన్‌లో ఆ పావుగంట ఎంతో హాయి. భర్త కూడా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

మూలికలు మాత్రం సొంతంగా వాడకండి. చైనా వైద్యంలో ఆడవాళ్లకు ఎక్కువగా ఇచ్చే డాంగ్ గుయ్ అనే వేరు, రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఆక్యుపంక్చర్ (ఒంటికి సన్నని సూదులు గుచ్చే వైద్యం) మీదే ఆశలన్నీ పెట్టుకోవద్దు. చైనాలోనే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్న 1,000 మంది ఆడవాళ్లపై చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దానివల్ల కాన్పులు పెరగలేదు, అండం విడుదల కావడానికి ఇచ్చే క్లోమిఫిన్ మాత్రలతో పెరిగాయి.

ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే, 35 దాటినవాళ్లయితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవండి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టండి.