కొత్త కారు మీద వ్యాక్స్ మసక తుడిచే ముందు

కొత్త కారు పెయింట్ మీద తెల్లటి మసక పొర మిగిలిందా? షోరూమ్ వాళ్లు పూసింది వ్యాక్సా (మెరుపు కోసం పూసే మైనం), సిరామిక్ కోటింగా (పెయింట్‌కి అంటుకుపోయే గట్టి రక్షణ పొర)? ముందు అది కనుక్కోండి. వారంటీ ఉన్న కోటింగ్ అయితే మీరు చెయ్యి పెట్టొద్దు. ఫోటోలు తీసి వాళ్లకే చూపించండి.

వ్యాక్సే అయితే, ఎండలో మాత్రం తుడవొద్దు. పొద్దున్నే, నీడలో, బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి.

దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దితే సన్నటి గీతలు పడతాయి. అవి మసక కన్నా మొండివి! కార్ షాంపూతో కడిగాకే తుడవండి. గిన్నెల సబ్బు వద్దు. బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు కడతాయి, వెంటనే గుడ్డతో అద్దేయండి.

మైక్రోఫైబర్ గుడ్డకున్న లేబుల్ కత్తిరించండి. కింద పడిన గుడ్డ మళ్లీ పెయింట్‌కి తగలకూడదు.

మసక తుడవడానికి వాడే డిటైలర్ స్ప్రే (పెయింట్ మీద కొట్టి తుడిచే ద్రవం) మొదట డోర్ కింది మూలన కొంచెం కొట్టి చూడండి. పెయింట్ పైపొరను అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ జోలికే వెళ్లొద్దు.